ఆ పెట్టెలోంచి ఏదీ ఏరకండి

ప్రశ్న: మేం పెన్సిల్వేనియాలో ఉంటాం. ఇక్కడి స్థానిక చరిత్ర సంఘంలో నేను వాలంటీరుగా పనిచేస్తున్నాను. ఈమధ్య ఒక క్వేకర్ (క్రైస్తవంలో ఒక శాఖ) కుటుంబంవాళ్ళు తమ పూర్వీకుల ఉత్తరాలు పెట్టెడు తెచ్చి ఇచ్చారు. అన్నీ 1700, 1800ల నాటివి. తేదీల్లో నెల పేరే ఉండదు, "12వ నెల 8వ రోజు" అని అంకెలు మాత్రమే. విషయమా అంటే ఎవరికి జ్వరం వచ్చింది, సభకు ఎవరెవరు వచ్చారు, ఎవరింట్లో పురుడు... ఇవే. ముఖ్యమైనవి కొన్ని ఏరి ఉంచుకుని మిగతావి తిరిగి ఇచ్చేద్దామని మా సంఘంలో అంటున్నారు. ఎలా ఏరాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ఏరకండి. దయచేసి ఏరకండి. రాతప్రతుల లైబ్రరీలో ఇలాంటి పెట్టెల మధ్యే ఉద్యోగం చేసినదాన్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. ఏది ముఖ్యమో మొత్తం చదివితే గాని తెలియదు. మొత్తం చదివాక ఏరబుద్ధి కాదు.

క్వేకర్లకు మొదటినుంచీ ఉత్తరమే ఆధారం. 1650ల్లో ఇంగ్లండులో ఈ శాఖ పుట్టినప్పుడు ప్రచారకులు ఊరూరా తిరుగుతూ, జైళ్ళపాలవుతూ, ఉత్తరాలన్నీ స్వార్త్‌మూర్ హాల్ అనే ఇంట్లో ఉన్న తొలి క్వేకర్ నాయకురాలు మార్గరెట్ ఫెల్‌కు రాసేవారు. ఆవిడ వాటిని పారెయ్యలేదు. దాదాపు 1,400 ఉత్తరాలున్న ఆ కట్ట ఇప్పుడు లండన్‌లో క్వేకర్ల లైబ్రరీలో ఉంది. తొలి క్వేకర్ల గురించి మనకు తెలిసినదాంట్లో చాలా భాగం అందులోంచి వచ్చిందే. ఆవిడ కూతురు సారా 1673 నుంచి 1678 దాకా రాసిన ఇంటి ఖర్చుల పద్దు కూడా మిగిలింది. ఏం కొన్నారు, ఏం అమ్మారు, కూలి ఎవరికి ఎంత ఇచ్చారు అన్న లెక్కలు. ఏరివేతకు కూర్చున్నవాళ్ళు ముందు పక్కన పడేసేది అలాంటి పుస్తకాన్నే. ఈరోజు ఆ కాలపు ఇల్లు ఎలా నడిచిందో తెలుసుకోవాలంటే చరిత్రకారులు వెతుక్కుంటూ వెళ్ళేది దానికోసమే.

మీరున్న పెన్సిల్వేనియా సంగతికే వస్తాను. బానిసలను విడిచిపెట్టనివాళ్ళను సభ్యత్వం నుంచి తొలగించాలని 1776లో ఆ ప్రాంతపు క్వేకర్ల పెద్ద సభ అయిన ఫిలడెల్ఫియా వార్షిక సభ నిర్ణయించింది. ఆ చుట్టుపక్కల సంవత్సరాల్లో ఎన్నో కుటుంబాలు విముక్తి పత్రాలు రాసిచ్చాయి. స్వేచ్ఛ పొందిన ఆ మనిషి పేరు, వయసు ఆ పత్రంలోనో, ఏ ఖర్చుల చీటీలోనో, ఏ ఉత్తరం అడుగున రాసిన ఒక్క వాక్యంలోనో ఉంటాయి. మరెక్కడా ఉండకపోవచ్చు. అలాంటి చీటీని మీ సంఘం "మామూలు కాగితం" అని తిరిగి ఇచ్చేస్తే ఆ మనిషి చరిత్రలోంచే పోతాడు. నా బాధంతా ఇదే.

ఇంకో సంగతి. జర్మన్‌టౌన్‌లో 1688లో నలుగురు బానిసత్వం తప్పని రాసి సంతకాలు చేసిన నిరసన పత్రం ఉంది. అమెరికా చరిత్రలో అంత విలువైన కాగితం కూడా చాలాకాలం ఎవరికీ పట్టలేదు. 1844లో దొరికింది. తర్వాత మళ్ళీ ఎక్కడో పడిపోయి, 2005లో ఫిలడెల్ఫియాలోని ఆర్చ్ స్ట్రీట్ సభామందిరంలో బయటపడింది.

ఇక తేదీలు. నెలల పేర్లు, వారాల పేర్లు అన్యదేవతల పేరుమీద వచ్చాయని క్వేకర్లు అంకెలే వాడేవారు. ఆదివారం వాళ్ళకు "మొదటి రోజు". తికమకంతా 1752కు ముందు ఉత్తరాలతోనే. అప్పటిదాకా ఇంగ్లండులోనూ, దాని వలసల్లోనూ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, మొదటి నెల అంటే మార్చి. కాబట్టి మీ ఉత్తరం మీద "12వ నెల 8వ రోజు, 1740" అని ఉంటే అది డిసెంబరు కాదు, మన లెక్కలో 1741 ఫిబ్రవరి. 1752 తర్వాతవైతే టెన్షన్ లేదు, 12వ నెల అంటే డిసెంబరే. కాగితం మీద ఉన్న తేదీని ఉన్నట్టే రాసుకుని, మీ లెక్క పక్కన వేరుగా రాయండి. వరస కుదిరిందో లేదో ఉత్తరంలోని కబుర్లే చెబుతాయి. పురుడు వచ్చిన ఉత్తరం కన్నా ముందే పాపకు పళ్ళొచ్చాయన్న ఉత్తరం వస్తే లెక్క ఎక్కడో తప్పినట్టే.

మనుషుల్ని పోల్చుకోవడానికి పెళ్ళి పత్రం దొరుకుతుందేమో చూడండి. వాళ్ళ పెళ్ళికి పురోహితుడు ఉండడు. వధూవరులు నలుగురిలో నిలబడి మాట ఇచ్చుకుంటారు, వచ్చినవాళ్ళంతా సాక్షులుగా సంతకం చేస్తారు. మామూలుగా దగ్గర బంధువుల సంతకాలు వధూవరుల పేర్ల కింద ఒకచోట ఉంటాయి. ఉత్తరంలో సంతకం సగం చిరిగిపోయినా ఆ పత్రం పక్కన పెట్టి చూస్తే ఆ చేతిరాత ఎవరిదో పట్టుకోవచ్చు. ఒక కూతురి పేరు ఉన్నట్టుండి ఉత్తరాల్లో మాయమైతే స్థానిక క్వేకర్ల నెలవారీ సభ మినిట్స్ వెతకండి. వేరే మతశాఖవాణ్ణి పెళ్ళి చేసుకుందని వెలివేసి ఉండొచ్చు. 1827 దగ్గర అన్నదమ్ముల మధ్య ఉత్తరాలు ఆగిపోయాయా? ఆ ఏడాది ఫిలడెల్ఫియా క్వేకర్లు హిక్సైట్లు, ఆర్థడాక్సులు అని రెండుగా చీలిపోయారు. ఎన్నో ఇళ్ళు కూడా వాళ్ళతోపాటే చీలాయి. మళ్ళీ కలిసింది 1955లో. ఒకే కుటుంబం కాగితాలు సగం స్వార్త్‌మోర్ కాలేజీలో, సగం హావర్‌ఫర్డ్ కాలేజీలో కనిపించడానికి ఇదీ ఒక కారణం. మీ కుటుంబం పేరుతో రెండుచోట్లా కేటలాగ్ చూడండి, అవతలివాళ్ళు రాసిన జవాబులు అక్కడ ఉండొచ్చు.

ముందు చేయాల్సింది ఒకటే. కట్టలు ఏ వరసలో వచ్చాయో ఫోటో తీసి, ఆ వరస చెడకుండా యాసిడ్ లేని ఫోల్డర్లలో పెట్టండి. సెల్లోటేప్ వద్దు, పేపర్ క్లిప్పులు వద్దు, రాసేది పెన్సిల్‌తోనే. మీ సంఘంలో జాగా లేదంటే పెట్టె మొత్తాన్ని ఆ రెండు కాలేజీల్లో ఒకదానికి ఇవ్వొచ్చేమో దాతలతో మాట్లాడండి.

ప్రశ్న: జైళ్ళ సంస్కరణ మీద రాస్తున్నాను. జైళ్ళ బాగు కోసం పనిచేసిన క్వేకర్ ఎలిజబెత్ ఫ్రై జీవిత చరిత్ర చదివితే చాలా, డైరీలు చూడాలా?
– లండన్ నుంచి ఒక విద్యార్థి

జవాబు: డైరీలు చూడాలి. 1813లో లండన్‌లోని న్యూగేట్ జైలుకు మొదటిసారి వెళ్ళిన ఆవిడ 1845లో చనిపోయారు. రెండేళ్ళకే ఇద్దరు కూతుళ్ళు డైరీలు, ఉత్తరాల్లోంచి ఏరి జీవిత చరిత్ర వేశారు. అమ్మ గురించి లోకానికి ఏం తెలియాలో వాళ్ళే ఎంచారు. యూస్టన్ రోడ్డులోని క్వేకర్ల ఫ్రెండ్స్ హౌస్ లైబ్రరీలో ఆవిడ పుట్టింటివారైన గర్నీల ఉత్తరాలు కూడా ఉన్నాయి. వెళ్ళేముందు మెయిల్ పెట్టి, ఏ కట్ట కావాలో చెప్పండి.