ఆట మధ్యలో పిలుపు: ఒక యువ రచయితకు లేఖ

ప్రియమైన నీకు,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన వ్యాసం అందాయి. సెలవులకు ఇంటికి వెళ్లి, అటక మీది పెట్టెలోంచి పాత గేమ్స్ దించి ఆడుకుని, చిన్నప్పటి యానిమే, అంటే జపాన్ యానిమేషన్ సిరీస్‌లు, మళ్లీ చూసి, బీరువాలో మిగిలిన పుస్తకాలు తిరగేసిన రోజుల గురించి రాశావు. "ఇలాంటి విషయాన్ని ఎవరైనా సీరియస్‌గా తీసుకుంటారా?" అని చివర్లో అడిగావు. ముందు దానికి జవాబు చెప్పేస్తాను. తప్పకుండా తీసుకుంటారు. ఒక మనిషి చిన్నతనంలో అన్నేసి గంటలు దేని ముందు గడిచాయో, అదంతా ఆ మనిషి జీవితమే. దాన్ని రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. "ఇవన్నీ పిల్లచేష్టల్లా అనిపించొచ్చు కానీ" అంటూ మొదలుపెట్టిన నీ మొదటి వాక్యం కొట్టెయ్.

ఇక వ్యాసం సంగతి. మొదటి రెండు పేజీల నిండా పేర్లే. ఏ గేమ్స్ ఆడావు, ఏ సిరీస్‌లు చూశావు, అందులో ఏ పాత్రంటే ఇష్టం, ఏ పాటంటే ఇష్టం. అవి తెలిసినవాళ్లు పేరు చూడగానే "అరే, నేనూ ఆడాను" అనుకుంటారు. ఆ సంతోషం వాళ్ల జ్ఞాపకంలోంచి వచ్చింది. నీ వాక్యం చేసిన పనేమీ లేదు. తెలియనివాళ్లు ఆ పేరు దగ్గరే ఆగిపోతారు. అంటే ఇద్దరికీ నువ్వింకా ఏమీ ఇవ్వలేదు.

మరి ఏం ఇవ్వాలి? నేను చెప్పదలుచుకున్నది ఒకటే. ఆ వస్తువు మీ ఇంట్లో ఎలా పనిచేసిందో రాయి. దాని వల్ల ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరు వంతు కోసం ఎదురుచూశారు, ఎవరు ఎవరి మీద అరిచారు, ఎవరికి వంతే రాలేదు. గేమ్ కానీ యానిమే కానీ పుస్తకం కానీ, గదిలోకి వచ్చాక ఆ గది పద్ధతిని కొంత మార్చేస్తుంది. నువ్వు వెతుకుతున్న జ్ఞాపకం అక్కడుంది.

సేవ్ చేయడం, అంటే ఆట ఎక్కడిదాకా వచ్చిందో దాచుకోవడం, ఆ ఒక్క విషయాన్నే తీసుకుందాం. ఇప్పుడు చాలా గేమ్స్ వాటంతట అవే సేవ్ అయిపోతాయి, మనం ఆలోచించం కూడా. టీవీకి తగిలించి ఆడే తొలినాటి గేమ్స్‌లో చాలావాటికి సేవ్ అన్నదే లేదు. స్విచ్ ఆపితే మళ్లీ మొదటి నుంచే. 1986లో జపాన్‌లో వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ గేమ్‌లో ఆపిన చోటి నుంచి ఆడాలంటే తెర మీద కనిపించే 20 జపనీస్ అక్షరాలను కాగితం మీద రాసుకోవాలి. మరుసటి ఏడాది వచ్చిన రెండో భాగంలో అది 52 అక్షరాల దాకా పెరిగింది. ఒక్క అక్షరం తేడాగా రాసుకున్నా పాస్‌వర్డ్ పనిచేయదు. ఎన్నో గంటల ఆట పోయినట్టే. ఇప్పుడు ఆ కాగితం ఉన్న ఇంటిని ఊహించు. ఒకరు చదువుతుంటే ఇంకొకరు రాశారా? తప్పు చదివినవాళ్లదా, రాసినవాళ్లదా? ఇల్లు సర్దుతూ ఎవరైనా దాన్ని చెత్తలో పడేశారా? ఆట ఎంత బాగుందో చెప్పడానికి నువ్వు వాడిన విశేషణాలన్నీ కలిపినా ఆ కాగితం చేసే పని చేయలేవు.

తర్వాత కార్ట్రిడ్జ్ లోపలే, అంటే గేమ్ ఉండే ఆ ప్లాస్టిక్ డబ్బీలోనే, ఒక గుండ్రటి చిన్న బ్యాటరీ పెట్టడం మొదలైంది. 1987లో అమెరికాలో విడుదలైన లెజెండ్ ఆఫ్ జెల్డా గేమ్ కార్ట్రిడ్జ్‌లో అలాంటిదే ఉంది. కరెంటు లేనప్పుడు మెమరీ చిప్‌లో ఉన్నది చెరిగిపోకుండా ఆ బ్యాటరీ కాపాడుతూ ఉంటుంది. బ్యాటరీ అయిపోతే సేవ్ కూడా పోతుంది. పాత కార్ట్రిడ్జ్ పెట్టి చూస్తే ఫైల్స్ అన్నీ ఖాళీగా ఉన్నాయని, వాటిలో ఒకటి మీ అక్క పేరు మీద ఉండేదని నువ్వు ఒక్క లైనులో రాసి ముందుకు వెళ్లిపోయావు. అక్కడ ఆగాల్సింది. అక్క పెళ్లయి వెళ్లిపోయాక కూడా, ఎవరూ ముట్టుకోకపోయినా, అటక మీద ఆ పేరును ఏళ్ల తరబడి నిలబెట్టింది ఆ చిన్న బ్యాటరీయే. ఎప్పుడో ఒకరోజు, ఇంట్లో ఎవరికీ తెలియకుండా, అయిపోయింది. ఇది ఎలా జరిగిందో మామూలు మాటల్లో చెప్పు, చాలు. ఆ తర్వాత నువ్వు రాసిన "నా గుండె బరువెక్కింది" అన్న వాక్యంతో పనిలేదు. చదివేవాళ్లకు ఎక్కడ బరువెక్కాలో అక్కడ ఎక్కుతుంది.

సేవ్‌లను విడిగా ఒక చిన్న కార్డులో దాచే మెమరీ కార్డుల కాలంలో గొడవ ఇంకో రకంగా ఉండేది. 1994లో జపాన్‌లో వచ్చిన మొదటి ప్లేస్టేషన్ మెమరీ కార్డులో 15 బ్లాకులే, అంటే సేవ్‌లు దాచే 15 గళ్లే. కొన్ని గేమ్స్‌కు ఒక్క బ్లాకు సరిపోయేది, కొన్నింటికి ఎక్కువ కావాల్సి వచ్చేది. కార్డు నిండిపోతే ఎవరి సేవ్ తీసేయాలన్నది మిషన్ తేల్చదు. పెద్దవాడన్న లెక్కన అన్నయ్య సేవ్ ఉంచుతారా? ముందు మొదలుపెట్టిందన్న లెక్కన చెల్లిది ఉంచుతారా? గట్టిగా ఏడ్చినవాళ్లది ఉంచుతారా? ఒక ఇంట్లో న్యాయం ఎలా నడిచిందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి కిటికీ నాకు తెలియదు.

ఇంకా ఆ పిలుపు ఉంది. లోపలి నుంచి అమ్మ భోజనానికి పిలుస్తుంది. ఆటను సేవ్ చేయనిచ్చే చోటు, సేవ్ పాయింట్, ఇంకా దూరంగా ఉంది. పిల్లలకు టెన్షన్. "ఒక్క నిమిషం" అంటారు, కానీ లేవరు. పిలిచిన మనిషికి ఈ సేవ్ పాయింట్ల సంగతేమీ తెలియదు. పిలిచినా పలకని పిల్లలే ఆమెకు కనిపిస్తారు. ఇద్దరి మాటా న్యాయమే, ఇద్దరికీ కోపమే. ఇప్పుడు మీ అక్క కొడుకు ఆన్‌లైన్‌లో ఎవరెవరితోనో కలిసి మ్యాచ్ ఆడుతుంటే దాన్ని పాజ్ చేయడం కుదరదు. ఆ పాత గొడవే కొత్త కారణంతో మళ్లీ వచ్చింది. ఈసారి పిలుస్తున్నది మీ అక్క. నువ్వు ఆ రెండింటినీ చూసినవాళ్లలో ఉన్నావు. నీ వ్యాసంలో ఈ సన్నివేశం లేదు, కానీ ఆ సెలవుల్లో ఒక్కసారైనా జరిగే ఉంటుందని నాకు అనిపిస్తోంది. గుర్తుచేసుకో.

రాత్రి ప్రయాణంలో, చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ మీద ఆడిన పేరా మాత్రం ముట్టుకోకు. 1989లో వచ్చిన ఆ మొదటి మోడల్ తెరకు సొంత వెలుతురు లేదు, నాలుగు పెన్సిల్ సెల్స్‌తో నడిచేది. రోడ్డు మీద దీపం దాటినప్పుడల్లా తెర కనిపించి, మళ్లీ చీకటైపోతుంటే, ఆ చీకట్లో బొత్తాలు అంచనాగా నొక్కుతూ పోవడం, పక్కన తమ్ముడు "ఇప్పుడు దూకు" అని చెప్పడం, అదంతా కచ్చితంగా వచ్చింది. ఎందుకు వచ్చిందో చూడు. ఆ మిషన్ ఏం చేయగలదో, ఏం చేయలేదో చెప్పావు. తమ్ముడు దానంతట తానే ఆ పేరాలోకి వచ్చి కూర్చున్నాడు.

యానిమే గురించి రాసిన పేజీలో నాకు బాగా నచ్చిన మాట మీ నాన్నగారిది. ఆయన గదిలోకి వచ్చి, కాసేపు నిలబడి చూసి, "అదేంటి, మనిషి కదలట్లేదు, నోరొక్కటే ఆడుతోంది?" అన్నారు. నువ్వు "తర్వాత చెప్తాలే" అన్నావు. ఆయన వెళ్లిపోయారు. నువ్వు దాన్ని పెద్దవాళ్లకు ఇవేమీ అర్థం కావన్నట్టు, నవ్వు కోసం రాశావు. నాకైతే ఆ ప్రశ్న చాలా విలువైనదనిపించింది. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 నిశ్చల చిత్రాలు, కావాలి. వారం వారం టీవీలో ఎపిసోడ్ ఇవ్వాలంటే అన్ని బొమ్మలు గీసే టైమూ లేదు, డబ్బూ లేదు. 1963లో కామిక్స్ గీసే ఒసాము తెజుకా స్టూడియో ఆస్ట్రో బాయ్ అనే సిరీస్‌ని టీవీకి తెచ్చినప్పుడు తక్కువ బొమ్మలతో నడిపే పద్ధతినే నమ్ముకుంది. ఒక్కో బొమ్మను మూడు ఫ్రేముల పాటు ఉంచితే సెకనుకు ఎనిమిది బొమ్మలతో సరిపోతుంది. శరీరాన్ని కదలకుండా ఉంచి నోరు మాత్రం మార్చడం, గీసిన బొమ్మల్నే మళ్లీ వాడుకోవడం, ఇవన్నీ అలా స్థిరపడ్డాయి. నిశ్చలంగా ఉన్న ముఖం మీద ఎక్కువసేపు ఆగడం తర్వాతి రోజుల్లో ఆ కళకే ఒక అందమైపోయింది. చిన్నప్పటి నుంచి చూస్తూ నువ్వు గమనించడం మానేసినదాన్ని మీ నాన్నగారు గుమ్మం దగ్గర నిలబడే పట్టేశారు.

ఆ జవాబు ఆయనకు ఇంకా బాకీ ఉన్నావు. ఫోన్ చేసి చెప్పు. ఆయన ఏమంటారో అది రాయి. అడిగిన సంగతే మర్చిపోయి ఉంటే అదీ రాయి. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. యానిమే తెలియని పాఠకులకు అదేమిటో వివరించడానికి నువ్వు రాసిన ఆ అర పేజీ పాఠం తీసేయొచ్చు. ఇంట్లో తెలియని మనిషి అడుగుతారు, తెలిసిన మనిషి చెబుతారు, పాఠకులు వింటారు.

పుస్తకాల గురించి కొద్దిగానే రాశావు, అది మంచిదే. ఒక్క సూచన. నువ్వు ఆ పుస్తకం మళ్లీ చదువుతున్నప్పుడు కథ ఎలా అనిపించిందో చెప్పావు కానీ, నీ చుట్టూ ఏం జరుగుతోందో చెప్పలేదు. గేమ్ ఆడుతున్న మనిషిని కదిపితే విసుక్కుంటారని ఇంట్లోవాళ్లకు తెలుసు. చదువుతున్న మనిషిని మాత్రం ఖాళీగా ఉన్నట్టే చూస్తారు, పక్కన కూర్చుని కబుర్లు మొదలుపెడతారు. పేజీలో వేలు పెట్టి ఎన్ని మాటలు విన్నావో, వాటిలో ఏవి పుస్తకం కంటే బాగున్నాయో నీకే తెలియాలి.

ఇప్పుడు కొంచెం కష్టమైన విషయం. నీ వ్యాసంలో ఆ పాత రోజులు అందరికీ ఒకేలా బాగున్నట్టు ఉంది. అలా ఉండదు. మనుషులు పెద్దయ్యాక తమ జీవితంలో ఎక్కువగా గుర్తుచేసుకునేది సుమారు 10 నుంచి 30 ఏళ్ల మధ్య జరిగినవాటినేనని జ్ఞాపకాల మీద పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్తలు గమనించారు. నువ్వు బెంగపడుతున్న ఆ సంవత్సరాలు నీ లెక్కలో పడతాయి. మీ అమ్మగారి లెక్కలో అవి బహుశా పడవు. అవి ఆమెకు పొద్దున్నుంచి రాత్రి దాకా పనిచేసిన ఏళ్లు. నువ్వు "ఆ రోజులే వేరు" అన్నప్పుడు ఆమె ఊరుకున్నారని రాశావు కదా, ఎందుకు ఊరుకున్నారో ఆలోచించావా? ఆమెకు పద్నాలుగేళ్లప్పుడు దేని కోసం పిలిచినా పలకకుండా కూర్చునేవారో అడుగు. పుస్తకమో, రేడియోనో, ఇంకేదైనానో. ఆ జవాబు నీ వ్యాసంలోకి వస్తే, ఇంతసేపూ నీ చిన్నతనం నడిచిన ఇంట్లో ఆమెకూ ఒక చిన్నతనం దొరుకుతుంది.

తమ్ముణ్ణీ అడుగు. చాలా ఇళ్లలో జరిగేదే, కనెక్ట్ చేయని కంట్రోలర్ చేతికిచ్చి నువ్వూ ఆడుతున్నావని నమ్మించడం. మీరూ చేశారని సరదాగా రాశావు. అతనికి ఆ సంగతి ఎప్పుడు తెలిసింది? తెలిశాక కూడా ఆడుతున్నట్టే కూర్చున్నాడా? అతను చెప్పేది నీ జ్ఞాపకంతో కలవకపోతే కలపడానికి ప్రయత్నించకు. అతని మాట అతని మాటగా, నీ మాట నీ మాటగా రెండూ ఉంచు. ఇంటి జ్ఞాపకాల్లో ఎవరిది నిజమో తేల్చే పని రచయితది కాదు.

ఇప్పుడు ఆ గేమ్ మళ్లీ ఆడితే అనుకున్నంత బాగోలేదని, తొందరగా విసుగొచ్చిందని నీ ఉత్తరంలో చెప్పావు. వ్యాసంలో మాత్రం అద్భుతంగా ఉందని రాశావు. ఉత్తరంలో ఉన్నదే వ్యాసంలోకి తీసుకురా. విసుగొచ్చాక కంట్రోలర్ పక్కన పెట్టి ఏం చేశావు? లేచి వంటింట్లోకి వెళ్లావా? అయితే వ్యాసం కూడా నీ వెనకే వెళ్లాలి.

ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు రోజూ పడుకునే ముందు ఆ రోజు ఇంట్లో ఎవరు ఏమన్నారో అన్నది అన్నట్టుగా రాసిపెట్టుకో. నీకేం అనిపించిందో రాయకు, అది తర్వాతైనా గుర్తొస్తుంది. మనుషులు మాట్లాడిన తీరు మాత్రం తెల్లారేసరికి నీ భాషలోకి మారిపోతుంది.

ఇంకొక్కటి. అక్క గురించి నువ్వు రాసిన వాటిలో రెండు విషయాలు ఆమె నలుగురిలో చెప్పుకోని విషయాలని అనిపించింది. అచ్చులో చూసి ఆమె ఆశ్చర్యపోకూడదు. పేర్ల పేజీలు రెండూ తీసేసి, ఖాళీ అయిన ఆ ఫైల్ దగ్గర వ్యాసం మొదలుపెట్టు. నాన్నగారితో మాట్లాడాక ఆ భాగం మళ్లీ రాయి. పూర్తయ్యాక ముందు అక్కకు పంపు. ఆమె తీసేయమన్నవి తీసేసి, తప్పని చెప్పినవి సరిచూసుకుని, అప్పుడు నాకు పంపు. ఎంత ఆలస్యమైనా పర్వాలేదు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి