సముద్రం పక్కన భోజనం

ప్రశ్న: అమ్మానాన్నల పెళ్లిరోజుకి వాళ్లని రెండు రోజులు విశాఖ తీసుకెళ్తున్నాను. సముద్రం కనిపించే పెద్ద హోటల్లో డిన్నర్ చేయించాలని ఆశ. అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఎలా ప్లాన్ చేయమంటారు?
– ఒక పాఠకురాలు, పార్వతీపురం

జవాబు: డిన్నర్ మానేసి లంచ్ పెట్టుకోండమ్మా. మన సముద్రం తూర్పున ఉంది, సూర్యుడేమో ఊరి వెనక కొండల్లోకి దిగిపోతాడు. ఏడు దాటాక బీచ్ రోడ్డు హోటల్ అద్దంలోంచి చూస్తే చీకటీ, మన మొహాలూ తప్ప ఏమీ కనిపించవు. రాత్రే కావాలంటే పౌర్ణమి చూసుకోండి, చంద్రుడు నీళ్లలోంచే లేస్తాడు. కిటికీ పక్క టేబులని ఫోన్‌లోనే గట్టిగా చెప్పండి. పనీర్ బటర్ మసాలా పార్వతీపురంలోనూ దొరుకుతుంది కాబట్టి వంజరం వేపుడో, రొయ్యల ఇగురో అడగండి. బిల్లులో సర్వీస్ చార్జి వేస్తే తీసేయమనండి, అది తప్పనిసరి కాదు. మొహమాటం అక్కర్లేదు.

కురుసుర సబ్‌మెరైన్ 1969లో నౌకాదళంలో చేరింది, 2002 నుంచి ఆర్కే బీచ్‌లో మ్యూజియం. లోపల గుండ్రటి ద్వారాల్లో వంగి, కాలెత్తి దాటాలి. నాన్నగారిని పంపి, మీరూ అమ్మగారూ బయట మురీ మిక్చర్ తినండి. సోమవారం సెలవు. కైలాసగిరికి కారు పైదాకా వెళ్తుంది. తొట్లకొండ బౌద్ధారామానికీ అంతే, కానీ అక్కడ నీడ తక్కువ. పొద్దున్నే వెళ్లండి.