నాగాయలంక మండలంలో పోస్టింగ్ వచ్చింది, దివిసీమ ఎలా ఉంటుంది?

డీఎస్సీలో నాగాయలంక మండలం వచ్చిందని, దివిసీమ అంటే ఉప్పెన తప్ప ఇంకేమీ తెలియదని, అక్కడి జనం ఏం చేసి బతుకుతారో చెప్పమని అడిగారు. మాది ఆ మండలమే. నేను పుట్టి పెరిగింది, మా నాన్నగారు వ్యవసాయం చేసింది, రొయ్యల చెరువు వేసి దెబ్బతిన్నది అంతా అక్కడే.

ముందు మ్యాపులో విజయవాడ నుంచి కృష్ణ వెంటే కిందికి రండి. పులిగడ్డ దగ్గర నది రెండు పాయలవుతుంది. ఒకటి తూర్పుగా పోయి హంసలదీవి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పెద్ద పాయ నాగాయలంక పక్కనుంచి దక్షిణంగా పోయి మళ్ళీ చీలి కడలిలో పడుతుంది. ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య చిక్కుకున్న నేలే అసలు దివి. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు అందులోవి. పాత దివి తాలూకా లెక్కలో చల్లపల్లి, ఘంటసాల వైపు ఊళ్ళు కూడా కలుస్తాయి. రైలు మార్గం లేదు. రైలెక్కాలంటే ఇటు మచిలీపట్నం పోవాలి, లేదా పెనుమూడి వారధి దాటి రేపల్లె పోవాలి.

మా దగ్గర బతుకంతా ఒక్క విషయం మీద నడుస్తుంది: ఈ ఏడాది మంచినీళ్ళు ముందుకొస్తాయా, ఉప్పునీళ్ళు ముందుకొస్తాయా అని. మంచినీళ్ళు ప్రకాశం బ్యారేజీ నుంచి కాలువలో బయల్దేరి, నది మీదుగా కాలువని దాటించడానికి కట్టిన పులిగడ్డ అక్విడక్టు దాటి మా దాకా రావాలి. మావి శివారు భూములు. పైన అందరూ తడుపుకున్నాక మిగిలినవే మాకు. ఉప్పునీళ్ళకి అలాంటి ఆలస్యం ఉండదు. పోటు వచ్చిందంటే మురుగు కాలువల్లోంచి వెనక్కి ఎక్కేస్తాయి. డ్రెయిన్ చివర తలుపులు తుప్పు పట్టి మూతపడకపోతే ఆ నీళ్ళు నేరుగా పొలంలోకే. కాలువకి నీళ్ళొచ్చాయనగానే మా నాన్నగారు గట్టు మీద కూర్చుని, వేలు ముంచి నాలుక మీద పెట్టుకునేవారు. బాగుంటే మాట్లాడకుండా తూము తీసేవారు. బాగోకపోతే లేచి ఇంటికొచ్చేసేవారు. ఆ రోజు ఇంట్లో ఎవరం గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు.

సార్వా (వానాకాలం) వరి ప్రధాన పంట. దాని వెనక వేసే మినుము గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మా రైతు తెలివి అక్కడ కనిపిస్తుంది. వరి కోతకి రెండు మూడు రోజుల ముందు, చేను ఇంకా నిలబడి ఉండగానే, పదునుగా ఉన్న బురదలో మినుములు చల్లేస్తారు. దుక్కి లేదు, తడి పెట్టడం లేదు. వరి కోసే సరికి కింద మొలక లేచి ఉంటుంది. నేలలో మిగిలిన పదును, పొద్దుటి మంచు, అంతే ఆధారం. కాలువలో నీళ్ళు ఆపేసినా ఈ పంట చేతికొస్తుంది. చిన్న రైతుకి పిల్లల ఫీజులు దీనిమీదే గడిచేవి.

1990ల మొదట్లో రొయ్యలొచ్చాయి. ఎకరం వరి మీద కలలో కూడా చూడని డబ్బు ఒక్క పంటలో కనిపించింది. మా నాన్నగారు కూడా రెండెకరాలు తవ్వించి టైగర్ రకం రొయ్య పిల్లలు (సీడు) వేశారు. మొదటి పంట బాగానే వచ్చింది. రెండో పంటలో ఒక తెల్లవారుజామున రొయ్యలు గట్టుకి చేరాయి. చేత్తో ఎత్తితే కదల్లేదు, పెంకు మీద బియ్యపు నూకల్లాంటి తెల్ల మచ్చలు. అదే వైట్‌స్పాట్ తెగులు. మూడు రోజుల్లో చెరువంతా పోయింది. మేత అప్పు తీర్చడానికి అమ్మ గాజులు, ఒక ఎకరం పోయాయి. 2009లో వనామీ అనే మరో రకం రొయ్యకి అనుమతి వచ్చాక చెరువులు మళ్ళీ పెరిగాయి. ఇప్పుడు వీటితో బాగుపడ్డ కుటుంబాలు ఉన్నాయి, ఆ మాట కాదనను. కానీ చెరువు పక్కన వరి వేసేవాడికి ఉప్పు ఊట దిగి మళ్ళు చౌడుదేరితే, వాడు కూడా చెరువు తవ్వక తప్పదు. చివరికి భూమి లీజుకి ఇచ్చేసి ఊరు వదులుతాడు. నా దృష్టిలో దివిసీమకి ఇప్పుడున్న పెద్ద కష్టం ఇదే.

వేట మీద బతికే పల్లెలు వేరే ఉన్నాయి. మడ అడవుల్లో, ఏరు సముద్రంలో కలిసే మొగల దగ్గర పట్టే మండపీతకి మంచి ధర పలుకుతుంది. లోపల కండ లేక గుల్లగా ఉన్న పీతని తెచ్చి, చెరువులో మేపి, బరువెక్కాక అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. అవనిగడ్డలో మాత్రం డీఎస్సీ కోచింగే ఒక పరిశ్రమ. రూములు, మెస్సులు, జిరాక్సు షాపులు దానిమీదే నడుస్తాయి. మీకు ఇది తెలిసే ఉంటుంది.

ఇక ఉప్పెన. 1977 నవంబర్ 19, శనివారం. అధికారిక లెక్కల్లోనే దాదాపు 10,000 మంది చనిపోయారు. సొర్లగొంది లాంటి ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. మా నాయనమ్మ ఆ రాత్రి తుమ్మచెట్టు పట్టుకుని బతికారు. ముళ్ళు దిగిన మచ్చలు మోచేతుల మీద చివరి దాకా ఉన్నాయి. చిన్నప్పుడు నేను వాటిని వేలితో లెక్కపెట్టేవాణ్ణి. ఎవరి వయసు చెప్పాలన్నా ఆమె "ఉప్పెనకి ముందు పుట్టాడు", "ఉప్పెన తర్వాత పిల్ల" అనేవారు. మీ స్కూల్లో పిల్లల తాతమ్మలు కూడా అలాగే అంటారు, వినండి. మడ అడవి దట్టంగా ఉన్నచోట నీటి జోరు తగ్గిందని పెద్దలు చెబుతారు. అందుకే ఎవరైనా మడచెట్టు నరికితే నాకు కడుపు మండుతుంది.

చరిత్ర కూడా తక్కువేం కాదు. ఘంటసాలలో బౌద్ధ స్తూపం ఉంది. దాదాపు 1,900 ఏళ్ళ కిందట గ్రీకు భూగోళవేత్త టాలెమీ రాసిన ‘కంటకస్సిల’ అనే రేవు ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. చల్లపల్లి జమీందారీ, దాని మీద నడిచిన భూపోరాటాలు ఈ ప్రాంతం రాజకీయాన్నే మార్చాయి. కమ్యూనిస్టు నాయకుడు చండ్ర రాజేశ్వరరావుది ఆ పక్కనున్న మంగళాపురమే. కొత్త విషయమేమిటంటే, గుల్లలమోద దగ్గర క్షిపణి పరీక్షా కేంద్రానికి 2025లో శంకుస్థాపన జరిగింది.

మీ బడి ఎదురుమొండి వైపు పడితే ఏటిమొగ దగ్గర పంటు (మనుషుల్ని, బళ్ళని ఏరు దాటించే పడవ) ఎక్కాలి. గాలి ఎక్కువైన రోజు పంటు కదలదు, కాబట్టి టైములు అక్కడివాళ్ళనే అడిగి పెట్టుకోండి. ఇల్లు నాగాయలంకలో తీసుకుంటే నయం. అడ్వాన్సు ఇచ్చేముందు మాత్రం కుళాయి తిప్పి, ఆ నీళ్ళు ఒక గుక్క నోట్లో పోసుకుని చూడండి.