'త్రవ్వు' సరైనదా, 'తవ్వు' సరైనదా?

రెండూ సరైనవే. పాత రూపం 'త్రవ్వు'. క్రొత్త కొత్త అయినట్టు, త్రాగు తాగు అయినట్టు ఇందులోనూ రకారం జారిపోయింది. పాత పుస్తకాల్లో 'త్రవ్వకాలు' అని కనిపిస్తుంది, ఇప్పుడు అలా రాస్తే కాస్త బడాయిగా ఉంటుంది. ఇది అచ్చతెలుగు మాట. 'గని' మాత్రం సంస్కృత 'ఖని' నుంచి వచ్చింది, దాని ధాతువు 'ఖన్'కీ తవ్వడమనే అర్థం.

గట్టినేలను పలుగు, పారలతో పెకలించి మట్టి తీయడమే తవ్వడం. నాగలితో అయితే దున్నడం. బావి తవ్వుతాం, నీళ్లు తోడతాం. చిత్రంగా, బోరును మాత్రం తవ్వించడం కన్నా ఎక్కువగా 'వేయిస్తాం' అంటాం.

మాటల్లో దీని వాడకం ఇంకా సరదాగా ఉంటుంది. 'పాత గొడవలు ఎందుకు తవ్వుతావు?' అంటే మరిచిపోయినవి మళ్లీ బయటికి లాగొద్దని. 'ఇన్నాళ్లూ ఏం తవ్వి తలకెత్తావు?' అన్నది మా ఇంట్లో రిజల్ట్స్ వచ్చిన రోజు తప్పకుండా వినిపించేది. బోలెడంత శ్రమకి పిసరంత ఫలితం దక్కితే, కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు.

అన్నట్టు, బియ్యం కొలిచే 'తవ్వ' (రెండు సోలలు) వేరే మాట, దీనితో కలపకండి.