సంఘటనలున్నాయి, ఇతివృత్తమేది?

ప్రశ్న: గుంటూరు మిర్చి యార్డు నేపథ్యంగా ఒక కథ రాశాను. ఒక రైతు మిరప టిక్కీలను (కాయ నింపిన బస్తాలను) లారీలో వేసుకుని రాత్రికి యార్డుకు వస్తాడు. ఆ టిక్కీల మీదే పడుకుంటాడు. తెల్లవారాక వ్యాపారులు కాయ చూసి తక్కువ ధర చెబుతారు. కాటా వేస్తారు, అతడు సరుకు అమ్ముకుని ఇంటికి వెళ్తాడు, కూతురి పెళ్ళి వాయిదా పడుతుంది. చదివినవారు వివరాలు బాగున్నాయి గాని ఇతివృత్తం లేదంటున్నారు. ఇన్ని సంఘటనలుండగా ఇతివృత్తం లేకపోవడమేమిటి? కథ ప్రతిని జతచేస్తున్నాను.
– ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: చదివినవారు చెప్పింది నిజమేనమ్మా. మీ కథలో సంఘటనలు ఒకదాని తరవాత ఒకటి వస్తున్నాయి గాని, ఒకదాని వల్ల ఇంకొకటి రావడం లేదు. రైతు టిక్కీల మీద పడుకున్న రాత్రిని మొత్తంగా తీసేసి చూడండి, మర్నాటి ఉదయంలో ఏమీ మారదు. లారీ ప్రయాణం తీసేసినా అంతే. ఏ సంఘటనను తొలగిస్తే తరవాతివి నిలబడలేవో, అటువంటి సంఘటనల అల్లికనే ఇతివృత్తం అంటారు. మీ రైతుకు అన్నీ బయటి నుంచి వచ్చి పడుతున్నాయి. ధర పడిపోయింది, పెళ్ళి ఆగిపోయింది, అతడు మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోలేదు.

ధర నచ్చని రైతు సరుకును కోల్డ్ స్టోరేజీలో పెట్టి, రేటు పెరిగేదాకా ఆగవచ్చు. గుంటూరు చుట్టుపక్కల అందుకు కొదవ లేదు. మీ రైతు ఎందుకు ఆగలేదు? దానికి సమాధానం మీరే రాశారు, కాకపోతే చివరి పేజీలో, ఒక్క వాక్యంలో: పెట్టుబడికి అప్పిచ్చింది ఆ కమీషన్ వ్యాపారే. కథ ఉన్నది ఆ వాక్యంలోనే. సరుకు నిలవపెడితే అప్పిచ్చినవాడికి ముఖం చూపించలేడు, ఈ రోజే అమ్మితే పెళ్ళివారికి ముఖం చూపించలేడు. రెండు దారుల్లో ఏది పట్టినా ఏదో ఒకటి పోగొట్టుకోవలసిన చోటికి పాత్రను తీసుకువెళితే, సంఘర్షణ కోసం వేరే దుష్టపాత్రను వెతుక్కోనక్కరలేదు. ఆ వ్యాపారి మంచివాడే అయి, మర్యాదగా కాఫీ తెప్పించి మరీ బాకీ సంగతి కదిపితే కథ ఇంకా బలపడుతుంది.

మీ రచనలో నాకు బాగా నచ్చిన భాగం వ్యాపారి కాయ చూసే ఘట్టం. టిక్కీలోకి చెయ్యి పోనిచ్చి గుప్పెడు కాయ పైకి తీయడం, ఒకదాన్ని తుంచి రంగు చూడడం, తాలు కాయను (రంగు పోయిన నాసి కాయను) వేరుగా పట్టుకుని రైతు ముఖంలోకి చూడడం, అన్నీ కళ్ళకు కట్టాయి. అయినా చదువుతున్నంతసేపూ నాకు ఏ ఆత్రమూ కలగలేదు. కొడుకు పోరు పడలేక ఆ రైతు రెండు టిక్కీల అడుగున తాలు కాయ కలిపాడని ముందుగా నాకు తెలిసి ఉంటే, ఇదే వర్ణన ఒక్క మాట మార్చకుండానే ఇతివృత్తంలో భాగమయ్యేది. ఆ చెయ్యి ఎంత లోతుకు వెళుతుందా అని ఊపిరి బిగబట్టి చదివేవాణ్ణి. రైతులు మోసం చేస్తారని రాయమనడం నా ఉద్దేశం కాదు. కొడుకు ఎంత చెప్పినా కలపనన్నాడనీ, అయినా వ్యాపారి కలిపావంటున్నాడనీ కూడా రాయవచ్చు, బహుశా అదే మెరుగు. ఏదైనా సరే, పాత్ర నిన్న చేసిన పని ఈ రోజు ఎదురురావాలి. అప్పుడు మీరు రాత్రి ఘట్టాన్ని తీసేయమన్నా తీయలేరు, ఎందుకంటే తండ్రీకొడుకుల మాటలు జరిగింది ఆ టిక్కీల మీదే.

ఇక జరిగిన వరుసలోనే చెప్పాలన్న నియమం లేదు. 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’ను ఒకసారి తిరగేయండి. గోపాలరావు రాత్రిళ్ళు పాటకచేరీలకు మరగడం, భార్యను ఒంటరిగా వదిలేయడం అన్నీ కథ మొదలవకముందే జరిగిపోయాయి. రచయిత మాత్రం అర్ధరాత్రి దాటాక మూసిన తలుపు ముందు అతణ్ణి నిలబెట్టి మొదలుపెట్టారు. వెనకటి సంగతులు అతని తలపుల్లోనూ, నౌకరుతో మాటల్లోనూ, భార్య రాసిపెట్టిన ఉత్తరంలోనూ బయటపడతాయి. మీరు కూడా లారీ ఎక్కించడంతో కాక వ్యాపారి చెయ్యి టిక్కీలోకి వెళ్ళడంతో మొదలుపెట్టి చూడండి. మొదటి రెండు పేజీలు వాటంతటవే రాలిపోతాయి.

విషాదాంత నాటకానికి ఆరు అంగాలు చెప్పిన అరిస్టాటిల్ ఇతివృత్తాన్ని మొదటి స్థానంలోనూ పాత్రను రెండో స్థానంలోనూ నిలిపాడు. చిన్న కథలో ఆ వరుస అంతగా పనికిరాదని నా అభిప్రాయం. మీ రైతు ఎటువంటివాడో తేలకుండా అతడు ఏం చేస్తాడో మీరు రాయలేరు, అతడు ఏం చేశాడో రాయకుండా ఎటువంటివాడో మాకు తెలియదు.

ప్రశ్న: భార్య, భర్త, అత్తగారు, ముగ్గురి మనసుల్లోని మాటలనూ ఒకే కథలో చెప్పవచ్చునా?
– ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: నిషేధమేమీ లేదు. నవలలో అయితే నేను అడ్డు చెప్పను. అయిదారు పేజీల కథలో మాత్రం పాఠకుడు ఒకరి మనసుకు అలవాటు పడేలోగా మీరు అతణ్ణి ఇంకొకరి మనసులోకి లాగేస్తున్నారు. పైగా ముగ్గురి ఆలోచనలూ తెలిసిపోయాక దాచుకోవడానికి ఏముంటుంది? కోడలి దృష్టికోణం నుంచే చెప్పారనుకోండి, అత్తగారు కంచంలో అన్నం వదిలేసి లేచిపోతే అది కోపమో, జబ్బో, మనుమణ్ణి ఊరికి పంపేస్తున్నారన్న దిగులో కోడలికీ తెలియదు, మనకూ తెలియదు. ఆ తెలియకపోవడమే కథను నడిపిస్తుంది. కథలోని ప్రతి మాటా ఒకే ప్రభావానికి తోడ్పడాలని అమెరికన్ రచయిత ఎడ్గార్ అలన్ పో 1842లో ఒక సమీక్షలో వాదించాడు. దాన్ని చట్టంగా తీసుకోనక్కరలేదు గాని, మీ చిత్తుప్రతిని ఒకసారి ఆ కొలతతో చూసుకోవడం మంచిది.

ప్రశ్న: కథ చివర కొసమెరుపు ఉండి తీరాలా?
– ఒక విద్యార్థిని, పటమట, విజయవాడ

జవాబు: అక్కరలేదు. పెట్టదలచుకుంటే మాత్రం దాని ఆనవాళ్ళు ముందు పేజీల్లో ఉండాలి. మీరు పంపిన కథలో తండ్రి బ్యాంకు పాసు పుస్తకం ఆఖరి పేరాలోనే మొదటిసారి కనిపిస్తోంది, అందుకే ఆశ్చర్యానికి బదులు అనుమానం కలుగుతోంది. బీరువా సర్దే సన్నివేశం రెండో పేజీలో ఎలాగూ ఉంది కదా, పట్టుచీరల కింద ఆ పుస్తకాన్ని కూడా అమ్మాయి కంట పడనివ్వండి.