ఛాంబరు మళ్ళీ కారింది... అబ్బాయిని ఏ ట్రేడులో చేర్చాలి?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా అబ్బాయి పది పాసయ్యాడు. సెలవుల్లో వాళ్ళ మేనమామ షెడ్డుకి వెళ్తున్నాడు. రొయ్యల లోడు తోలే పాత లారీకి ఇంజను అడుగున ఆయిలు నిలిచే ఛాంబరు తుప్పుపట్టి కారుతుంటే ఎంసీల్ ముద్ద పెట్టి ఆపాడు. పది రోజులకి మళ్ళీ మొదలైంది. అయినా డీజిల్ మెకానిక్ ఐటీఐలోనే చేరతానంటున్నాడు. ఎలక్ట్రిక్ బళ్ళు వస్తున్న రోజుల్లో ఈ పని నిలుస్తుందా? పాలిటెక్నిక్‌లో చేర్పించమంటారా?

జవాబు: ముందు ఆ ఛాంబరు సంగతి చూద్దామండి. ఏ కోర్సో తేలేది అక్కడే.

ఎంసీల్ పెట్టడం తప్పేం కాదు. దారిలో ఉన్న బండి షెడ్డు చేరడానికి పనికొస్తుంది. కానీ నూనె తడి ఉన్న రేకు మీద అది పట్టదు. పట్టినా, ఇంజను వేడెక్కి చల్లారిన ప్రతిసారీ రేకు సాగి ముడుచుకుంటుంది కాబట్టి అంచు లేస్తుంది. (డీజిల్ ట్యాంకు చిల్లికి బట్టల సబ్బు రుద్దే చిట్కా ఉంది చూశారా, అది ఇక్కడ అసలు పనికిరాదు. వేడికి జారిపోతుంది.)

అసలు కారుతున్నది ఛాంబరేనని మీవాడు ఎలా తేల్చుకున్నాడో అడగండి. ఇంజను పైనుండే టాపెట్ కవరు, ఫిల్టరు, వెనక క్రాంక్ సీలు, వీటిలో ఏది కారినా ఆయిలు కిందకి జారి ఛాంబరు అడుగునే చుక్క కడుతుంది. డీజిల్‌తో కడిగి, తుడిచి, ఆరాక పౌడరు చల్లి, పావుగంట ఇంజను ఆన్‌లో ఉంచితే తడి ఎక్కడ మొదలైందో పౌడరు మీద కనిపిస్తుంది. ఇది చేశాడంటే సగం మెకానిక్ అయినట్టే. చెయ్యకపోతే నేర్పించండి, తిట్టొద్దు.

రెండోది తుప్పు. చెరువు గట్ల ఉప్పు బురద ముందు చక్రాల నుంచి ఎగిరి ఛాంబరు అడుగున పేరుకుంటుంది, తొందరగా ఆరదు. పెయింటు లేచిన చోట రేకు బయటి నుంచి లోపలికి పలచబడుతుంది. చిల్లి ఒక్కటే కనిపించినా చుట్టూ రేకు అప్పటికే కాగితంలా అయి ఉండొచ్చు. చిన్న సుత్తితో తట్టి చూడాలి. గట్టి రేకు ఖంగుమంటుంది, పుచ్చిన చోట సొట్ట పడుతుంది. డ్రెయిన్ ప్లగ్గు కూర్చునే చోటు, ప్యాకింగు (ఛాంబరుకీ ఇంజనుకీ మధ్య పెట్టే పలచటి అట్ట) కిందుండే అంచు, ఈ రెండింట్లో ఏది పుచ్చినా అతుకు దండగ. వేరే ఛాంబరు వేసుకోవాల్సిందే. మధ్యలో చిల్లి ఒక్కటే అయితే మాత్రం అతకొచ్చు.

అతకాలన్నా ఛాంబరు దించాల్సిందే, ఇంజను కింద పడుకుని వెల్డింగ్ పెట్టకూడదు. లోపలి ఆయిల్ ఆవిరి అంటుకుంటుంది. బండి చదునైన నేల మీద ఉండాలి, చక్రాలకు అడ్డుచెక్కలు పెట్టాలి, జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా స్టాండులు వెయ్యాలి. బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. ఆయిలు గోరువెచ్చగా ఉండగా దింపాలి. కొన్ని పాత లారీల్లో యాక్సిల్ అడ్డొస్తుంది, ఇంజను మౌంటింగులు వదులు చేసి కాస్త పైకెత్తితే తప్ప ఛాంబరు బయటికి రాదు. అంటుకుపోయిందని స్క్రూడ్రైవర్ దూర్చి పెకలిస్తే ఇంజను బ్లాకు ముఖం మీద గీత పడుతుంది. ఆ గీత ఇక ఎప్పటికీ కారుతుంది.

దించాక అడుగున ఏముందో చూడమనండి. మెరిసే రజను ఉంటే బేరింగులు అరుగుతున్నట్టు. పాలవిరుగుడులా ఉంటే నీళ్ళు కలుస్తున్నట్టు. అప్పుడు చిల్లి సంగతి పక్కన పెట్టి ఇంజను సంగతి చూడాలి.

అతికే ముందు కాస్టిక్ సోడా వేడినీళ్ళతో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. చేతులకు గ్లౌజులు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. పుచ్చిన భాగం కోసేసి, దాదాపు 1.5 మిల్లీమీటర్ల రేకు ముక్కతో బ్రేజింగు (ఇత్తడి కరిగించి అతకడం) చేస్తే వేడికి రేకు మెలి తిరగడం తక్కువ. తర్వాత బయట సుద్దనీళ్ళు పూసి ఆరనిచ్చి, లోపల కిరసనాయిలు పోసి గంట వదలాలి. తెల్లటి సుద్ద మీద మచ్చ తేలితే అక్కడ ఇంకా చిల్లి ఉన్నట్టే.

బిగించే దగ్గరే కుర్రాళ్ళు ఎక్కువ తప్పుతారు. మునుపు ఎవరో గట్టిగా బిగించడంతో బోల్టు కన్నాల దగ్గర అంచు గుంట పడి ఉంటుంది. దాన్ని చదునైన ఇనుము మీద పెట్టి మెల్లగా కొట్టి సరిచెయ్యాలి. ప్యాకింగుకి ఆనబాండ్ సీలెంటు ఎక్కువ పూస్తే మంచిదనుకుంటారు. ఎక్కువైనది లోపలికి పిండుకుని, విరిగి, ఆయిలు పీల్చుకునే స్ట్రైనర్ జాలీకి అడ్డం పడుతుంది. ప్రెషరు పడిపోయి బేరింగులు పట్టేస్తాయి. కన్నాలకు లోపలి వైపుగా సన్నటి గీత చాలు. బోల్టులు మధ్య నుంచి చివరలకు, ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో, మాన్యువల్లో చెప్పిన టార్కుకి బిగించాలి. డ్రెయిన్ ప్లగ్గుకి కొత్త రాగి వాషరు వెయ్యాలి. సీలెంటు ఆరేదాకా ఆగి, ఆయిలు పోసి స్టార్ట్ చేస్తే ప్రెషరు లైటు కొద్ది సెకన్లలోనే ఆరిపోవాలి. లేదంటే వెంటనే ఆపెయ్యాలి.

ఇక చదువు. మీ ప్రశ్నలో పది రోజుల తర్వాత ఏం చేశాడో రాయలేదు. ఎందుకు కారిందో వెతికితే ఒక దారి, మళ్ళీ ఎంసీల్ పెడితే ఇంకో దారి. వెతికేవాడైతే ఏడాది డీజిల్ మెకానిక్ కన్నా రెండేళ్ళ మోటార్ మెకానిక్ వెహికల్ ట్రేడు మేలు. ఏడాది కోర్సుతోనూ పని దొరుకుతుంది, కానీ రెండేళ్ళ ఐటీఐ అయితే పాలిటెక్నిక్ డిప్లొమా రెండో ఏడాదిలో లాటరల్ ఎంట్రీకి దారి ఉంటుంది. మార్కులు బాగుంటే పాలిసెట్ రాసి ఆటోమొబైల్ డిప్లొమాలో నేరుగా చేరొచ్చు. అది మూడేళ్ళు, ఐటీఐ మీదుగా వెళ్తే నాలుగు. ఆ అదనపు ఏడాదికి చేతిలో పనీ సర్టిఫికెట్టూ రెండూ ఉంటాయి కాబట్టి, ఇప్పటికే షెడ్డు అలవాటైన కుర్రాడికి అది నష్టం కాదు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు.

ఎలక్ట్రిక్ భయం సగం నిజమే. కానీ బరువు లారీల్లో డీజిల్ తొందరగా పోయేది కాదు. 8 ఏళ్ళు దాటిన లారీకి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి కాబట్టి పాత బండ్లు షెడ్డుకి వస్తూనే ఉంటాయి. అయితే 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (పొగ నిబంధనల) బండ్లలో యాడ్‌బ్లూ (పొగ శుద్ధికి పోసే యూరియా ద్రవం), సెన్సర్లు, స్కానరు లేకుండా పని నడవదు. కరెంటు, సెన్సర్ల పాఠం వదిలేసినవాడు మాత్రం పాత లారీల దగ్గరే ఆగిపోతాడు.

ఐటీఐ తర్వాత అప్రెంటిస్‌షిప్ వదలొద్దు. ఆర్టీసీ డిపోలు కూడా ఈ ట్రేడుల పిల్లల్ని తీసుకుంటాయి. చేర్చే ముందు ఐటీఐ వర్క్‌షాపుకి మీరే వెళ్ళి, ఇంజను స్టాండు మీద ఊరికే బొమ్మలా ఉందో, నిజంగా విప్పి బిగిస్తున్నారో చూడండి. బోల్టు తలలు అరిగి, నేల మీద ఆయిలు మరకలు ఉంటే అక్కడ పని జరుగుతున్నట్టు.