స్కేల్ పాటించకుండ సరదాగ మోడల్ రైలు కట్టొచ్చా?

మంచిగ కట్టొచ్చు. స్కేల్ అంటే అసలు రైలును ఎన్నోవంతుకు తగ్గించినమో ఆ లెక్క, హెచ్ఓ అనే మోడల్ రైలు సైజు అయితే 1:87. మన బ్రాడ్‌గేజ్‌ల పట్టాల మధ్య దూరం 1676 మి.మీ. కదా, దాన్ని 87తోని భాగిస్తే 19 మి.మీ. పైనే వస్తది, కానీ హెచ్ఓ ట్రాక్ 16.5 మి.మీ.దే, అంటే మన రైళ్లను ఆ ట్రాక్ మీద పెడితే లెక్క అక్కడ్నే తప్పుతది.

ఊహల రైళ్లు కొత్తేం కాదు, రోలాండ్ ఎమెట్ అనే బ్రిటిష్ కార్టూనిస్టు గీసిన వింత రైలును 1951ల లండన్ బాటర్‌సీ పార్కుల జనం ఎక్కేటట్టు నిజంగనే నడిపిన్రు.

నేనైతే ఇట్ల మొదలుపెట్టమంట. ఎన్ గేజ్ (హెచ్ఓ కంటే చిన్నది, 9 మి.మీ. ట్రాక్ మీద నడిచే సైజు) ఇంజన్ ఒకటి తీసుకొని, పై బాడీ విప్పేసి, మోటారు చక్రాలున్న కింది భాగం మీద అట్టతోని నచ్చిన ఆకారం కట్టుండ్రి, పొగగొట్టానికి పాత స్కెచ్‌పెన్ మూత బాగుంటది. బాడీ ట్రాక్ కంటే రెండింతల వెడల్పున్నా పర్వాలేదు గానీ బరువు కిందికే ఉండాలె, లేకుంటే మలుపుల ఒరుగుతది. మధ్యల మన మహబూబ్‌నగర్ పిల్లలమర్రి లాంటి చెట్టు పెట్టి, ఎండిన సన్న వేర్లతోని ఊడలు దింపి, వాటి సందులకెల్లి రైలు పోతుంటే ఎంత ముద్దుగుంటదో! ఊడలు అంటించే ముందు అన్నిట్ల పొడుగు రైలు డబ్బాను చేత్తోని మలుపు మొత్తం తిప్పి చూడుండ్రి, ఎక్కడ తగులుతదో తెలుస్తది.

ట్రాక్ వెడల్పు, చక్రాల మధ్య దూరం మాత్రం కచ్చితంగ కలవాలె, అండ్ల సరదా నడ్వది.